పల్లానికి చేరిన ఇంద్రధనుస్సులు

నెల్లూరు భూమధ్యరేఖకు 14 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన, 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. కడప, అనంతపురం కూడా దాదాపు అదే అక్షాంశంలో, కాస్త పడమరగా ఉన్నాయి. ఈ ఊళ్ళకు సరిగ్గా నడినెత్తిన, ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున, ఒకప్పుడు సోవియట్ సైన్యం మాటలు మోసిన సమాచార ఉపగ్రహాలు వచ్చి పోతుంటాయి. అవి పనిమాని చాలా కాలమైంది. వాటిని పంపిన దేశమే ఇప్పుడు లేదు. అవి కంటికి కనిపించవు. టెలిస్కోపు గురిపెడితే, దొర్లుతున్నకొద్దీ ఒకసారి మెరిసి మరోసారి మసకబారే చుక్కల్లా తోస్తాయి. ఎవరూ వెళ్ళి తీయకపోతే లక్షల ఏళ్ళు ఆ ఎత్తులోనే ఉంటాయి.

వాటిని ఎవరూ ఆంధ్ర ఆకాశం మీదికి గురిచూసి పంపలేదు. పంపినవారు వాటిని వేరే వేరే చోట్ల నిలిపారు. అక్కడ వదిలేశాక వాటిని నడిపిస్తున్నవి భూమి ఆకారం, చంద్రుడు, సూర్యుడు. మనిషి చేసిన యంత్రం పని ముగిశాక ఏమవుతుందో నిర్ణయించే శక్తి దాని యజమాని చేతిలోంచి ఎంత పూర్తిగా జారిపోతుందో తెలుసుకోవడానికి ఈ ఉపగ్రహాల కథను మించినది లేదు.

వీటి పేరు రాదుగ. రష్యన్ భాషలో ఇంద్రధనుస్సు అని అర్థం. అది లోకానికి చెప్పిన పేరు. తయారీదారుల మధ్య నడిచిన రహస్య నామం గ్రాన్. మొదటి రాదుగను 1975 డిసెంబరు 22న బైకనూరు నుంచి ప్రోటాన్ రాకెట్ మీద పంపారు. అంతర్జాతీయ జాబితాలో దాని గుర్తు 1975-123. ఆ ఏడాది కక్ష్యకు చేరిన ప్రయోగాల్లో 123వది అని దాని భావం. అధికార ప్రకటనలో అది టెలిఫోను, టెలిగ్రాఫు, టెలివిజన్ సేవల ఉపగ్రహం. ఆ మాట అబద్ధం కాదు, పౌర సేవలు కూడా దాని మీద నడిచాయి. కానీ ప్రభుత్వ, సైనిక సమాచారాన్ని ఒకే చోట కదలకుండా నిలిచే ఉపగ్రహం ద్వారా పంపడమే దాని ముఖ్యమైన పని. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఈ వరసలో ముప్పైకి పైగా ఉపగ్రహాలు వెళ్ళాయి. 1989 నుంచి దాని తర్వాతి తరం కూడా వాటితో కలిసింది.

భూమధ్యరేఖకు ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమంగా తిరుగుతూ నేలమీద నుంచి కదలనట్టు కనిపించే దారిని భూస్థిర కక్ష్య అంటారు. సోవియట్ యూనియన్ అక్కడికి ఆలస్యంగానే వచ్చింది. అమెరికా 1960ల నడుమనే అక్కడికి చేరగా, సోవియట్ ఇంజినీర్లు ముందుగా మోల్నియా అనే మరో దారి పట్టారు. దానికి కారణం భూగోళమే. భూమధ్యరేఖ మీద నిలిచిన ఉపగ్రహం ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ దిగంతానికి దిగజారుతుంది. 81 డిగ్రీల అక్షాంశం దాటితే అసలు కనిపించదు. ఉత్తర సముద్రాల్లో నౌకాదళం, సైబీరియాలో స్థావరాలు ఉన్న దేశానికి అది పెద్ద లోటు. 1965 ఏప్రిల్‌లో మొదలైన మోల్నియా ఉపగ్రహాలు భూమికి ఒక వైపు ఐదారు వందల కిలోమీటర్ల దగ్గరికి వచ్చి, మరో వైపు ఉత్తరార్ధగోళం మీద నలభై వేల కిలోమీటర్ల ఎత్తుకు లేచేవి. పన్నెండు గంటల ఆ చుట్టులో ఎక్కువ సమయం రష్యా మీదే తేలుతూ ఉండేవి. మాస్కో, వాషింగ్టన్‌ల మధ్య అత్యవసర సంభాషణ కోసం 1978లో ఏర్పడిన ఉపగ్రహ లింకులో సోవియట్ వైపు పనిచేసినవి మోల్నియాలే.

మోల్నియా కక్ష్యలో ఒక మేలు ఉంది. చంద్రుడు, సూర్యుడు లాగే లాగుడుకు దాని దగ్గరి కొస ఏళ్ళ తరబడి మెల్లగా కిందికీ పైకీ కదులుతుంది. చాలా మోల్నియాల విషయంలో అది వాతావరణాన్ని తాకేంత కిందికి దిగింది. అలా అవి కాలి బూడిదయ్యాయి. ఆ ముగింపును ఎవరూ ప్రణాళిక వేసి రాయలేదు, అయినా దొరికింది. రాదుగకు అది కూడా దొరకలేదు. 35,786 కిలోమీటర్ల ఎత్తులో గాలి లేదు; ఒరుసుకోవడానికి ఏమీ లేని చోట అరుగుదల ఉండదు.

తొలి కొన్నిటిని మినహాయిస్తే మోల్నియాలనూ, రాదుగలనూ తయారు చేసింది ఒకే సంస్థ. యెనిసేయ్ నది ఒడ్డున, ఆనాడు ఏ పటంలోనూ కనిపించని మూసిన నగరం క్రాస్నొయార్స్క్-26లో, మిఖాయిల్ రెషెత్‌న్యోవ్ నాయకత్వంలో అది పనిచేసేది. ఇప్పుడు ఆ నగరం పేరు జెలెజ్నగోర్స్క్. ఆ కాలపు సోవియట్ ఉపగ్రహాల నిర్మాణంలో ఒక ప్రత్యేకత ఉంది. పాశ్చాత్య ఉపగ్రహాల్లో ఎలక్ట్రానిక్ పరికరాలు శూన్యంలోనే పనిచేసేలా తయారయ్యేవి. వీరు మాత్రం పరికరాలన్నిటినీ గాలి చొరని పీపాలో పెట్టి, లోపల వాయువు నింపి, పంకాలతో దాన్ని తిప్పుతూ వేడిని సమంగా ఉంచేవారు. నేలమీది గదిలో పనిచేసే పరికరాన్నే పెద్ద మార్పులు లేకుండా అంతరిక్షానికి పంపడానికి అది తెలివైన ఉపాయం. కానీ అందుకు చెల్లించిన మూల్యం బరువు, ఆయుష్షు. పంకా ఆగినా, వాయువు కారినా లోపల ఉన్నదంతా కొద్ది కాలంలో పాడవుతుంది. రెండు టన్నుల బరువున్న రాదుగ ఆయుష్షు కొద్ది ఏళ్ళే. అందుకే ఒకే స్థానానికి ఒకదాని తర్వాత ఒకటి పంపుతూనే ఉండవలసి వచ్చింది. కొత్తది వచ్చినప్పుడల్లా పాతది ఒక పక్కన మిగిలిపోయేది.

మిగిలింది ఉపగ్రహం ఒక్కటే కాదు. చాలా దేశాల రాకెట్లు ఉపగ్రహాన్ని సాగదీసిన మధ్యంతర కక్ష్యలో వదిలి, మిగిలిన ఎక్కుడును దాని సొంత ఇంజనుకే విడిచిపెడతాయి. ఖాళీ రాకెట్ దశ అలా కిందనే ఉండి, కాలక్రమాన వాతావరణంలోకి దిగే అవకాశం ఉంటుంది. ప్రోటాన్ పైదశ అలా కాదు. ఉపగ్రహాన్ని భూస్థిర కక్ష్య దాకా తనే మోసుకెళ్ళి దింపి, తనూ ఆ పరిసరాల్లోనే ఉండిపోయేది. ఒక్కో రాదుగ ప్రయోగం అలా రెండు పెద్ద వస్తువులను ఆ ఎత్తుకు చేర్చింది.

ఇక అవి నెల్లూరు మీదికి ఎలా వచ్చాయన్నది. ఈ భాగం కొంచెం నింపాదిగా చదవవలసినది, ఎందుకంటే ఇందులో ప్రకృతి మన సహజమైన ఊహకు నేరుగా ఎదురు నడుస్తుంది.

భూమి నారింజపండులా ధ్రువాల దగ్గర నొక్కుకుని ఉందని బడిలోనే చెబుతారు. అంతగా చెప్పని సంగతి మరొకటి ఉంది: భూమధ్యరేఖ కూడా పూర్తి వృత్తం కాదు. అడ్డంగా కోసి చూస్తే అది చాలా స్వల్పంగా కోడిగుడ్డు ఆకారానికి ఒరిగి ఉంటుంది. పొడుగు వైపుకూ పొట్టి వైపుకూ వ్యాసార్ధంలో తేడా సుమారు డెబ్బై మీటర్లు. 6,378 కిలోమీటర్ల వ్యాసార్ధం ముందు అది లెక్కలోకి రానంత చిన్నది. కానీ ఇంధనం లేని ఉపగ్రహానికి కాలం కొరత లేదు, చిన్న తోపుడు కూడా రోజూ ఒకే వైపు పడితే దాని ఫలం కనిపిస్తుంది. ఈ ఉబ్బులు ఉన్నవి రెండు చోట్ల: అట్లాంటిక్‌లో 15 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దగ్గర ఒకటి, దానికి ఎదురుగా పసిఫిక్‌లో 165 డిగ్రీల తూర్పు దగ్గర మరొకటి.

ఇప్పుడు 85 డిగ్రీల తూర్పున ఒక ఉపగ్రహం పనిమాని ఆగిందనుకుందాం. రాదుగలకు కేటాయించిన స్థానాల్లో అది నిజంగానే ఒకటి. పసిఫిక్ ఉబ్బు దానికి తూర్పున 80 డిగ్రీల దూరంలో ఉంది. అట్లాంటిక్ ఉబ్బు పడమరన 100 డిగ్రీల దూరంలో ఉంది. దగ్గరున్నది గట్టిగా లాగుతుంది, అంటే లాగుడు తూర్పుకు. ఉపగ్రహం తూర్పుకు వెళ్తుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది తిరగబడుతుంది. ఉపగ్రహం తిరిగేది కూడా తూర్పు దిశకే కాబట్టి, ఆ లాగుడు దానికి వెనక నుంచి నెట్టినట్టు అవుతుంది. దానికి శక్తి పెరుగుతుంది. శక్తి పెరిగితే కక్ష్య పైకి లేస్తుంది. పైకి లేచినకొద్దీ చుట్టు పెద్దదవుతుంది, ఒక చుట్టుకు పట్టే సమయం పెరుగుతుంది. కింద భూమి మాత్రం తన వేగంతో తాను తిరిగిపోతుంది. భూమితో సమంగా నడవలేక ఉపగ్రహం వెనకబడుతుంది, అంటే పడమరకు జారుతుంది. తూర్పుకు లాగితే పడమరకు పోవడమన్న వింత ఇక్కడ ఉంది.

ఈ జారుడు ఆగవలసిన చోటు 75 డిగ్రీల తూర్పు రేఖాంశం. అక్కడ రెండు ఉబ్బుల లాగుడు సరిసమానం. కానీ ఉపగ్రహం అప్పటికే కదులుతోంది కాబట్టి దాన్ని దాటి 65 దాకా పోతుంది. అక్కడ లెక్క తిరగబడి మళ్ళీ తూర్పుకు మళ్ళుతుంది. ఇలా 85కూ 65కూ మధ్య ఉయ్యాల ఊగుతుంది. ఒక ఊపు పూర్తి కావడానికి రెండేళ్ళకు పైగా పడుతుంది. ఈ మొత్తం ప్రయాణంలో దాని ఎత్తు పెరిగేదీ తరిగేదీ పది కిలోమీటర్ల లోపే. అంటే పనిచేస్తున్న ఉపగ్రహాల ఎత్తును వదలకుండానే వాటి మధ్యగా పక్కకు నడుస్తుంది.

నీరు పల్లమెరుగు. భూస్థిర కక్ష్యలో అలాంటి పల్లాలు రెండే ఉన్నాయి: 75 డిగ్రీల తూర్పు, దానికి దాదాపు ఎదురుగా 105 డిగ్రీల పశ్చిమం. రెండోది అమెరికా ఖండాల వైపు పడుతుంది. మొదటిది భారతదేశానిది. ఆ రేఖాంశం అమృత్‌సర్, మంగళూరుల పరిసరాల గుండా దిగి, మాల్దీవులకు కొంచెం తూర్పున హిందూ మహాసముద్రంలో భూమధ్యరేఖను దాటుతుంది. సుమారు 11 డిగ్రీల పశ్చిమం నుంచి 160 డిగ్రీల తూర్పు దాకా ఏ రేఖాంశం మీద వదిలేసినా, ఉపగ్రహం ఈ పల్లం వైపే జారుతుంది.

ఆ వెడల్పును పటంలో చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. యూరప్, ఆఫ్రికా, ఆసియా దాదాపు అంతా ఆ పరిధిలోనే ఉన్నాయి. సోవియట్ యూనియన్ విస్తీర్ణంలో ఎక్కువ భాగం అందులోనే ఉంది. రాదుగలకు వాడిన 35, 45, 85, 128 డిగ్రీల తూర్పు స్థానాలన్నీ అందులోవే. ఉపగ్రహాలను త్వరత్వరగా కోల్పోయి, త్వరత్వరగా కొత్తవి పంపిన దేశం ఏ రేఖాంశాల మీద విస్తరించిందో, ఆ రేఖాంశాల నుంచి వాలే పల్లం భారతదేశానికి దక్షిణంగా ఉంది. 85 దగ్గర ఆగినవి చిన్నగా ఊగుతాయి. 35 దగ్గర ఆగినవి 115 దాకా వెళ్ళి వస్తాయి. 128 దగ్గర ఆగినవి ఇంకా దూరం, ఆఫ్రికా మీదాకా. అరబ్ దేశాల ఉపగ్రహాలు, భారత ఉపగ్రహాలు, చైనా ఉపగ్రహాలు నిలిచిన చోట్లన్నీ వాటి దారిలో పడతాయి. ఈ పల్లంలో ఊగుతున్న వస్తువులు నూటికి పైగా ఉన్నాయి. వాటిలో రాదుగలు, వాటితో ఒకే కర్మాగారంలో పుట్టిన ఎక్రాన్, గొరిజోంత్ ఉపగ్రహాలు, వాటిని మోసిన ప్రోటాన్ పైదశలు పెద్ద వాటా.

తూర్పు పడమరల ఊపు కథలో సగమే. రెండో సగం ఉత్తర దక్షిణాలది. నెల్లూరు భూమధ్యరేఖ మీద లేదు కదా, మరి భూమధ్యరేఖ మీద ఉండవలసిన ఉపగ్రహం అక్కడికి ఎందుకు వస్తుంది?

చంద్రుడు, సూర్యుడు భూమధ్యరేఖ తలంలో ఉండరు. పక్కవాటంగా ఉండి, కక్ష్యను తమ వైపు వంచుతారు. ఏడాదికి దాదాపు ఒక డిగ్రీ చొప్పున కక్ష్య వాలిపోతుంది. పనిచేసే ఉపగ్రహం ఈ వాలును సరిదిద్దుకోవడానికే తన ఇంధనంలో చాలా భాగం ఖర్చు పెడుతుంది. తూర్పు పడమరల జారుడును ఆపడానికి ఏడాదికి సెకనుకు రెండు మీటర్ల వేగపు మార్పు చాలు. ఈ వాలును ఆపడానికి సుమారు యాభై మీటర్లు కావాలి. తొలితరం రాదుగల్లో వాలును సరిదిద్దే ఏర్పాటే లేదు, పనిచేస్తున్నప్పుడే అవి వాలడం మొదలుపెట్టాయి. అయితే ఈ వాలు అంతులేకుండా పెరగదు. చంద్ర సూర్యుల లాగుడూ, భూమి నడుము ఉబ్బు పెట్టే లాగుడూ రాజీపడే మధ్యస్థ తలం ఒకటి ఏడున్నర డిగ్రీల దగ్గర ఉంది. కక్ష్య దాని చుట్టూ బొంగరంలా తూగుతుంది. సున్నా దగ్గర మొదలైతే దాదాపు 15 డిగ్రీల దాకా వాలి, మళ్ళీ సున్నాకు వస్తుంది. దీనికి పట్టే కాలం సుమారు 53 ఏళ్ళు.

వాలిన కక్ష్యలో ఉన్న ఉపగ్రహం నేలమీద నుంచి చూస్తే కదలకుండా నిలవదు. రోజూ ఎనిమిది అంకె ఆకారంలో ఉత్తరానికీ దక్షిణానికీ తిరుగుతుంది. పూర్తిగా వాలినప్పుడు ఆ అంకె పై కొస 15 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని తాకుతుంది. ఊపులో 80 డిగ్రీల రేఖాంశానికి చేరిన రోజున ఆ కొస నెల్లూరు మీద, శ్రీహరికోట మీద పడుతుంది. ఇంకొన్నాళ్ళకు కడప మీద, మరికొన్నాళ్ళకు అనంతపురం మీద. శ్రీహరికోటలో ఇస్రో నిర్మించిన పెద్ద ట్రాకింగ్ రాడార్ సుమారు వెయ్యి కిలోమీటర్ల ఎత్తు దాకా ఉన్న వస్తువులను పట్టగలదు. దాని నడినెత్తినే పోతున్నా, ముప్పై ఆరు వేల కిలోమీటర్ల మీదున్న ఈ పాత ఉపగ్రహాలు దానికి అందవు. వాటిని వెతకాలంటే చీకటి రాత్రి, మంచి టెలిస్కోపు కావాలి.

దీంట్లో ప్రమాదం ఎంత? ఇక్కడ భయపెట్టడమూ తగదు, కొట్టిపారేయడమూ తగదు. భూస్థిర కక్ష్య చుట్టుకొలత 2.65 లక్షల కిలోమీటర్లు. ఒక్క డిగ్రీ అంటే 730 కిలోమీటర్లకు పైనే. ఆ విశాలంలో రెండు వస్తువులు ఢీకొనే అవకాశం ఏ ఒక్క రోజు చూసినా చాలా తక్కువ. పైగా ఇక్కడ వేగాలు కూడా తక్కువ. 15 డిగ్రీలు వాలిన ఉపగ్రహం రోజుకు రెండుసార్లు భూమధ్యరేఖను దాటేటప్పుడు, అక్కడ నిలిచిన ఉపగ్రహంతో పోలిస్తే దాని వేగం సెకనుకు 800 మీటర్లు. అది తుపాకి గుండు వేగం. గుండు బరువు మాత్రం రెండు టన్నులు.

కింది కక్ష్యల్లో ఏమవుతుందో ప్రపంచం ఇప్పటికే చూసింది. స్త్రెలా అనే మరో సోవియట్ సైనిక సమాచార వరస ఉంది. రాదుగ లాగా ఒక చోట నిలవకుండా, అవి తక్కువ ఎత్తులో తిరుగుతూ ఒక చోట సందేశాన్ని అందుకుని, దాచుకుని, మరో చోటికి చేరాక దింపే తపాలా బంట్రోతుల్లా పనిచేసేవి. ఆ నమూనాలోదే అయిన కాస్మోస్-2251ను సోవియట్ యూనియన్ పోయిన తర్వాత 1993లో రష్యా పంపింది. పనిమాని ఏళ్ళు గడిచాక, 2009 ఫిబ్రవరి 10న సైబీరియా ఉత్తర కొస మీద, 789 కిలోమీటర్ల ఎత్తున, అది అమెరికా కంపెనీకి చెందిన ఇరిడియం-33ను ఢీకొంది. వేగం సెకనుకు 11.7 కిలోమీటర్లు. రెండూ నుగ్గయి రెండు వేలకు పైగా పెద్ద ముక్కలు కక్ష్యలో పరుచుకున్నాయి. ఆ రోజు అందరికీ అందుబాటులో ఉన్న లెక్క ప్రకారం అవి రెండూ 584 మీటర్ల దూరంలో ఒకదాన్నొకటి దాటిపోవాలి. మనం చేసే లెక్కల్లో ఉన్న తప్పు అంత.

రాదుగల ఎత్తులో అంత పెద్ద ఢీ ఇప్పటిదాకా బయటపడలేదు. కానీ ఢీకొనకుండానే పగిలేవి ఉన్నాయి. రాదుగకు సోదరి అయిన ఎక్రాన్ వరసలో రెండోది 1978 జూన్ 25న భూస్థిర కక్ష్యలోనే బ్యాటరీ పేలి ముక్కలైంది. నికెల్, హైడ్రోజన్ బ్యాటరీలో వాయువు ఒత్తిడి పెరగడమే కారణం. ఈ సంగతి లోకానికి తెలిసింది 1992లో, సోవియట్ రహస్యాల తలుపులు కాస్త తెరుచుకున్నాక. పద్నాలుగేళ్ళ పాటు ఆ కక్ష్యలోకి ఉపగ్రహాలు పంపిన దేశాలన్నీ అక్కడ ముక్కలు తిరుగుతున్నాయని తెలియకుండానే పంపాయి. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధ పెట్టేది ఇదే. లోపం ఇంజినీరింగులో ఉండటం సహజం, దాన్ని దాచడం సహజం కాదు. సైనిక ఉపగ్రహాలకు ఈ దాపరికం మరీ ఎక్కువ: ఎప్పుడు ఆగిందో, ట్యాంకుల్లో ఎంత మిగిలిందో, బ్యాటరీలను ఖాళీ చేశారో లేదో చెప్పవలసినవారు చెప్పరు.

చెప్పకపోయినా, తీసేయడానికి ఇతరులకు వీలుందా? సాంకేతికంగా ఆ రోజు దగ్గరపడింది. 2020 ఫిబ్రవరిలో అమెరికా కంపెనీ ఒకటి పంపిన సేవా నౌక, ఇంధనం అయిపోవస్తున్న ఒక వాణిజ్య ఉపగ్రహాన్ని పట్టుకుని దాని ఆయుష్షు పొడిగించింది. 2022 జనవరిలో చైనా వారి షిజియాన్-21 పాడైన తమ బైదూ ఉపగ్రహాన్ని పట్టుకుని, భూస్థిర కక్ష్యకు చాలా పైకి లాక్కెళ్ళి వదిలింది. రెండు చోట్లా పట్టినవారిదీ పట్టుబడినదీ ఒకే పక్షం, లేదా ముందస్తు ఒప్పందం ఉన్న పక్షాలు. రాదుగ విషయంలో అడ్డు చట్టమే. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం 8వ అధికరణం ప్రకారం, నమోదు చేసిన దేశానికి తన వస్తువు మీద అధికారం అంతరిక్షంలో ఉన్నంత కాలం పోదు. అది పాడైపోయిందా, వదిలేశారా అన్న తేడా ఒప్పందంలో లేదు. సముద్రంలో మునిగిన నౌకను వెలికితీసినవారికి హక్కులిచ్చే చట్టాలు నేలమీద ఉన్నాయి, అంతరిక్షంలో లేవు. సోవియట్ యూనియన్ వారసత్వం రష్యాకు వచ్చింది కాబట్టి, 1975లో వెళ్ళి, ఎప్పుడో ఆగిపోయిన పంకా కూడా న్యాయంగా రష్యాదే. ఒక దేశపు సైనిక ఉపగ్రహాన్ని మరో దేశపు యంత్రం వెళ్ళి పట్టుకోవడం అంటే, మంచి ఉద్దేశంతో చేసినా, ఆయుధ ప్రదర్శన లాగే కనిపిస్తుంది. చెత్తను పట్టగల చెయ్యి పనిచేస్తున్న ఉపగ్రహాన్నీ పట్టగలదు.

నష్టం జరిగితే పరిహారం మాటేమిటి? 1972 నాటి బాధ్యతా ఒప్పందం నేలమీద జరిగే నష్టానికీ అంతరిక్షంలో జరిగే నష్టానికీ వేరు వేరు కొలతలు పెట్టింది. ఆకాశం నుంచి వస్తువు పడి నేలమీద నష్టం జరిగితే, పంపిన దేశం తప్పున్నా లేకున్నా చెల్లించాలి. 1978లో అణు రియాక్టరుతో ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 కెనడా ఉత్తర ప్రాంతంలో కూలినప్పుడు, 1981లో సోవియట్ ప్రభుత్వం 30 లక్షల కెనడా డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అంతరిక్షంలో జరిగే నష్టానికి మాత్రం తప్పు ఎవరిదో రుజువు చేయాలి. కదలలేని, మాట వినలేని ఉపగ్రహం తప్పు చేసిందని ఎలా రుజువు చేస్తారు? ఆ రోజుల్లో ఒక ఉపగ్రహాన్ని ఆగిన చోటే వదిలేయడం ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు, ఎందుకంటే అప్పటికి ఆ నియమమే లేదు. పనిముగిసిన భూస్థిర ఉపగ్రహాన్ని, భూస్థిర ఎత్తు కంటే 235 కిలోమీటర్లకు పైన ఉన్న శ్మశాన కక్ష్యకు చేర్చాలన్న సూచన అంతరిక్ష సంస్థల ఉమ్మడి మార్గదర్శకాల్లోకి 2002లో వచ్చింది. కాపాడవలసిన ప్రాంతానికి అవి గీసిన హద్దు భూస్థిర ఎత్తుకు పైనా కిందా 200 కిలోమీటర్లు, భూమధ్యరేఖకు అటూ ఇటూ 15 డిగ్రీలు. ఆ 15 సంఖ్య పైన చెప్పిన వాలు నుంచే వచ్చింది.

భారతదేశానికి ఈ 75 డిగ్రీల పల్లం నష్టంతో పాటు లాభం కూడా. బంగాళాఖాతంలో తుపాను పుట్టినప్పుడు కోస్తా జిల్లాల వారు టీవీల్లో చూసే మేఘాల చిత్రాలను పంపేవాటిలో ఇన్‌శాట్-3డీఆర్ ఒకటి. 2016 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఈ ఉపగ్రహం ఉన్నది 74 డిగ్రీల తూర్పున, అంటే దాదాపు పల్లం అడుగున. అక్కడ రెండు వైపుల లాగుడు సమానం కాబట్టి తూర్పు పడమరల దిద్దుబాటుకు దాదాపు ఇంధనమే అక్కర్లేదు. ఇంధనం మిగిల్చిన ఆ నిలకడే, పాత రాదుగలను కూడా ఏళ్ళ తరబడి దాని పక్కగా నడిపిస్తోంది. అందుకే బెంగళూరులో ఇస్రో 2022లో ప్రారంభించిన అంతరిక్ష భద్రతా కేంద్రానికి, తన ఉపగ్రహాల దగ్గరికి వచ్చే ఇతరుల వస్తువులను లెక్కించడం నిత్యకృత్యమైంది. రాకెట్లు బయలుదేరే సమయం కూడా దీనికి లోబడింది. 2023 జులైలో చంద్రయాన్-3ను నాలుగు సెకన్లు, ఆ నెలాఖరులో పీఎస్ఎల్వీ-సి56ను ఒక నిమిషం ఆలస్యంగా వదిలారు. అవి కింది కక్ష్యల వస్తువుల కోసం చేసిన సర్దుబాట్లు. సూత్రం మాత్రం అదే.

తన వంతు బాధ్యతను భారతదేశం ఎలా నెరవేర్చిందో కూడా ఇక్కడ చెప్పడం న్యాయం. 2007లో వెళ్ళి పద్నాలుగేళ్ళకు పైగా ఉన్న ఇన్‌శాట్-4బిని, 2022 జనవరిలో చివరి ఇంధనంతో భూస్థిర ఎత్తుకు సుమారు 340 కిలోమీటర్లు పైకి లేపి, ట్యాంకులు ఖాళీ చేసి, ఆపేశారు. అంత ఎత్తున 75 డిగ్రీల పల్లానికి పట్టు ఉండదు. అది ఎక్కడా ఊగకుండా, భూమి కంటే వెనకబడుతూ, అన్ని రేఖాంశాల మీదుగా మెల్లగా తిరుగుతూనే ఉంటుంది, ఎవరి దారికీ అడ్డురాకుండా. ఆ పనికి పట్టిన ఇంధనం కొన్ని నెలల సేవకు సరిపోయేది. రాదుగలను నడిపినవారు కూడా ఆ పని చేయగలిగేవారే, ఇంధనం మిగిలి ఉండగా నిర్ణయం తీసుకుని ఉంటే.

మొదటి రాదుగ వెళ్ళి అర్ధ శతాబ్దం దాటింది. దాని కక్ష్య 2002 ప్రాంతంలో 15 డిగ్రీల దాకా వాలి, అప్పటి నుంచి తిరిగి భూమధ్యరేఖ తలానికి దిగుతూ వస్తోంది. 1975కు 53 కలిపితే 2028. ఆ పరిసరాల్లో అది మళ్ళీ బయలుదేరినప్పటిలా దాదాపు సమతలంగా ఉంటుంది. అప్పుడు పనిచేసే ఉపగ్రహాలతో దాని వేగపు తేడా బాగా తగ్గుతుంది. కానీ రోజుకు రెండుసార్లు వలయాన్ని దాటి పోవడానికి బదులు రోజంతా ఆ వలయంలోనే ఉంటుంది. ఎనిమిది అంకె కుంచించుకుపోయి, నెల్లూరు అక్షాంశానికి రాకుండా భూమధ్యరేఖను అంటిపెట్టుకుంటుంది. ఆ తర్వాత చంద్రుడూ సూర్యుడూ దాన్ని మళ్ళీ వంచడం మొదలుపెడతారు. రెండోసారి 15 డిగ్రీలకు చేరేది 2055 ప్రాంతంలో.